క్యాన్సర్ మిషన్ల మీద రెండో వార్త ఎప్పుడు రాస్తారు? కడప జిల్లా విలేకరులకు బహిరంగ లేఖ

పత్రికల్లో, టీవీల్లో, యూట్యూబ్ చానళ్ళలో పనిచేస్తున్న మిత్రులకు నమస్కారం.

నేను కడపలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మీలో కొందరు నా క్లాసులో కూర్చున్నవాళ్ళే, అందుకని కాస్త చనువుగానే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఎవరికీ వైద్యం చెప్పబోవడం లేదు. కానీ ఈమధ్య మన వైపు తిరుగుతున్న క్యాన్సర్ వీడియోల్లో సగం మాటలు నా సబ్జెక్టువే. ఫ్రీక్వెన్సీ, రెజొనెన్స్, క్వాంటం, విద్యుదయస్కాంత తరంగాలు, స్కేలార్ ఎనర్జీ. వీటిలో చివరిది తప్ప మిగతావన్నీ బోర్డు మీద రాసి చెప్పాను. ఆ చివరిది మాత్రం నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ కనపడలేదు.

మీ వీడియోలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. అద్దెకు తీసుకున్న హాలు, లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉండే ఒక పెట్టె, దాని ముందు కుర్చీలో ఒక పెద్దావిడ. "నొప్పి తగ్గింది నాయనా" అంటుంది. మిషన్ చేసినాయన తెల్లకోటు వేసుకుని ఉంటాడు. కింద ఎర్ర అక్షరాల్లో 'వైద్యరంగంలో సంచలనం', 'డాక్టర్లు చేతులెత్తేసిన కేసు'. నాలుగు రోజుల్లో అది జిల్లాలోని ప్రతి వాట్సాప్ గ్రూపుకూ చేరుతుంది. ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళకైతే పదిమంది పంపుతారు.

అలాంటి వార్త వేయొద్దని చెప్పడానికి ఈ లేఖ రాయలేదు. మొదటి వార్త వేసినవాళ్ళు ఆరు నెలల తర్వాత అదే చోటికి మళ్ళీ ఎందుకు వెళ్ళడం లేదని అడగడానికి రాస్తున్నాను.

ఇది మన జిల్లా జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో జాన్ కాంజియస్ అనే ఆయన ఉండేవాడు. పెన్సిల్వేనియాలోని ఈరీ అనే ఊళ్ళో రేడియో, టీవీ స్టేషన్లు నడిపినవాడు. వైద్యం చదవలేదు. రక్తానికి సంబంధించిన క్యాన్సర్ వచ్చి కీమో తీసుకుంటూ, పక్కన చికిత్సకొచ్చిన పిల్లల్ని చూసి తట్టుకోలేక, రాత్రిళ్ళు నిద్ర పట్టక వంటింటి పళ్ళేలతో, రేడియో విడిభాగాలతో ఒక యంత్రం మొదలుపెట్టాడు. ఆయన ఆలోచన తెలివితక్కువది కాదు. రేడియో తరంగాలు మన శరీరంలోంచి పెద్దగా హాని చేయకుండా వెళ్ళిపోతాయి, లోహం ఎదురైతే దాన్ని వేడెక్కిస్తాయి. క్యాన్సర్ కణాల్లోకి మాత్రమే లోహపు నలుసులు పంపగలిగితే, బయట నుంచి తరంగం వేసి ఆ కణాల్ని మాత్రమే ఉడికించి చంపొచ్చు కదా అన్నాడు. కాపర్ సల్ఫేట్ ఎక్కించిన సాసేజ్ ముక్కను తన యంత్రంలో పెట్టి, మందు ఎక్కిన చోట మాత్రమే వేడెక్కడం చూపించాడు.

పేరున్న పరిశోధకులు కూడా దాన్ని పట్టించుకున్నారు. టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో స్టీవెన్ కర్లీ అనే సర్జన్ బృందం కుందేళ్ళ కాలేయంలోని గడ్డల్లోకి లోహపు నలుసుల బదులు కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) నేరుగా ఎక్కించి, రేడియో తరంగాలతో ఆ గడ్డల్ని చంపగలిగింది. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. 2008లో '60 మినిట్స్' అనే పెద్ద టీవీ కార్యక్రమం కాంజియస్ కథ చూపించింది. ప్రపంచమంతా చూసింది. ఇక క్యాన్సర్ పని అయిపోయినట్టే అనుకున్నారు.

2009 ఫిబ్రవరిలో కాంజియస్ చనిపోయాడు. అప్పటికి ఆ యంత్రం మనుషుల మీద పరీక్షల దాకా రాలేదు. ఆయన పేరుతో నడిచిన సంస్థ 2014లో మూతపడింది. చిక్కు ఎక్కడ వచ్చింది? గడ్డ ఎక్కడుందో తెలిసి, సూది అక్కడికి అందితే పని సులువు. కానీ ప్రాణం తీసేది చాలాసార్లు ఆ ఒక్క గడ్డ కాదు, ఎముకలోకి, ఊపిరితిత్తిలోకి, కాలేయంలోకి పాకిన దాని పిల్లలు. రక్తంలో వదిలిన నలుసులు ఒంట్లో ఉన్న ప్రతి క్యాన్సర్ కణాన్నీ వెతుక్కుంటూ వెళ్ళాలి, మంచి కణం జోలికి పోకూడదు. అసలు కష్టం అదే. రేడియో తరంగం పుట్టించడం ఎలక్ట్రానిక్స్ చదివిన ఏ కుర్రాడైనా చేస్తాడు.

కాంజియస్ మోసగాడు కాదు. నిజాయితీగా ప్రయత్నించాడు, పేరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, పరీక్ష పెట్టించుకున్నాడు. అయినా అది రుజువైన చికిత్సగా రోగుల దాకా రాలేదు. మొదటి వార్త చూసిన కోట్లమందిలో ఈ రెండో సంగతి ఎంతమందికి తెలుసు? మన దగ్గర ఈరోజుకీ 'రేడియో తరంగాలతో క్యాన్సర్ మాయం' అన్న పాత క్లిప్పు తెలుగు వాయిస్ ఓవర్‌తో తిరుగుతోంది.

సరే, వింత యంత్రాలన్నీ ఇలాగే పోతాయా అంటే అదీ కాదు. ఇజ్రాయెల్‌లో యోరాం పాల్టీ అనే ప్రొఫెసర్ ఒక మాట అన్నాడు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ప్రోటీన్లు ఒక వరుసలో నిలబడాలి, వాటికి విద్యుత్ ఆవేశం ఉంటుంది కాబట్టి సరైన వేగంతో దిశ మారే విద్యుత్ క్షేత్రం పెడితే ఆ వరుస చెదిరిపోతుంది, కణం చీలలేక చస్తుంది అని. మొదట విన్నప్పుడు నాకే ఇది కూడా రైఫ్ మిషన్ లాంటిదేమో అనిపించింది. 1930ల్లో శాన్‌డియాగోలో రాయల్ రైఫ్ అనే ఆయన ప్రతి రోగానికీ ఒక ఫ్రీక్వెన్సీ ఉందని చెప్పాడు. ఆ పేరుతో ఈరోజుకీ పెట్టెలు అమ్ముడవుతున్నాయి, క్యాన్సర్ తగ్గిస్తాయన్న రుజువు మాత్రం ఇన్నేళ్ళలో రాలేదు.

పాల్టీ కంపెనీ మాత్రం పరీక్షకు నిలబడింది. తల గొరిగించుకుని నెత్తి మీద ఎలక్ట్రోడ్ పట్టీలు అంటించుకోవాలి, రోజుకు 18 గంటల పాటు ఉంచుకోవాలి, 200 కిలోహెర్ట్జ్ క్షేత్రం నడుస్తుంటుంది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కు దీన్ని వాడారు. ముందు 237 మంది మీద చేసిన పరీక్షలో ఇది కీమో కంటే గొప్పగా ఏమీ తేలలేదు, దుష్ఫలితాలు మాత్రం తక్కువ. 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. తర్వాత 695 మందితో పెద్ద పరీక్ష జరిగింది. మామూలు మందుతో పాటు ఈ పట్టీ కూడా వాడినవాళ్ళలో మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటినది, 20.9 నెలలు, మందు మాత్రమే వాడినవాళ్ళకు 16 నెలలు. ఐదేళ్ళు బతికినవాళ్ళు 13 శాతం, అవతలి వర్గంలో 5 శాతం.

దాదాపు ఐదు నెలలు. ఆ ఇంటివాళ్ళకు అవి చాలా విలువైన నెలలు. అయినా దీని మీద కూడా విమర్శ ఉంది. అవతలి వర్గానికి పనిచేయని పట్టీ పెట్టి పోల్చలేదు కదా, రెండు వర్గాలవాళ్ళకూ ఎవరు ఏం వాడుతున్నారో తెలుసు కదా అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. గమనించండి, ఇంత చేసి ఇంత ఖర్చు పెట్టినవాళ్ళు కూడా 'క్యాన్సర్ నయం చేస్తాం' అనలేదు. ఫలానా క్యాన్సర్‌కు, మామూలు చికిత్సతో కలిపి, ఇన్ని నెలలు అన్నారు. మన హాల్లోని పెట్టె మాత్రం రొమ్ము, నోరు, గర్భసంచి, రక్తం, అన్నిటికీ ఒకటే సెట్టింగుతో పనిచేస్తుంది. మధ్యలో షుగర్, మోకాళ్ళ నొప్పులు కూడా.

మీకు ఇంకో దగ్గరి ఉదాహరణ ఉంది, మన తెలుగువాడిది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం అమినోప్టెరిన్ అనే పదార్థం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్‌తో చనిపోతున్న పసిపిల్లలకు ఇచ్చాడు. అప్పటికి ఆ జబ్బుకు మందే లేదు, కొన్ని వారాల్లో పిల్లలు పోయేవాళ్ళు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. మంచం మీది పిల్లలు లేచి ఆడుకున్నారు. అంతకంటే పెద్ద సంచలనం ఏముంటుంది? 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే ఆ మెరుగు 'తాత్కాలికం' అని రాశాడు. జబ్బు తిరిగి వస్తోందని దాచలేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకు చెల్లెలి వంటిదైన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నారు, ఆ దారిలోనే తర్వాతివాళ్ళు మందులు కలిపి వాడటం నేర్చుకుని ఎంతోమంది పిల్లల్ని పూర్తిగా బతికించగలిగారు. ఎడిటర్లకు నా ప్రశ్న ఒక్కటే. అలాంటి శీర్షిక మీరు ఎప్పుడైనా పెట్టారా?

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్ వచ్చింది. పాషాణం అని భయపడే ఆర్సెనిక్‌ను చైనాలో హార్బిన్ డాక్టర్లు 1970ల్లో ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడి చూశారు, ఇప్పుడది ప్రపంచమంతా ఆ జబ్బుకు ప్రామాణిక మందు. మన భుజాల మీద మచ్చ మిగిల్చిన బీసీజీ టీకాను మూత్రాశయంలోకి ఎక్కించి అక్కడి క్యాన్సర్‌ను తిరిగి రాకుండా ఆపుతున్నారు. ఇవన్నీ మొదట విన్నప్పుడు పిచ్చి మాటల్లాగే ఉంటాయి. అందుకే వింతగా ఉందని దేన్నీ కొట్టిపారేయను. బిళ్ళగన్నేరు ఆకులు నూరి తాగితే మాత్రం విషం తాగినట్టే. మోతాదు తెలియకుండా చేసే పని అది. ఆ వీడియో కూడా ఒకటి తిరుగుతోంది, వేసినవాళ్ళు దయచేసి తీసేయండి.

ఇక ఆ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ సంగతి. ఆమె అబద్ధం చెప్పిందని నేననను. నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చాలామంది అప్పటికే ఆపరేషనో, కీమోనో అయి వస్తారు. స్టెరాయిడ్ వేసుకుంటే వాపు తగ్గి నాలుగు రోజులు ఆకలి పుడుతుంది. ఎవరో పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, "తగ్గిపోతుందిలేమ్మా" అంటే మనిషికి బలం వస్తుంది. ఇవన్నీ నిజాలే. కానీ ఆ హాలుకు మొత్తం ఎంతమంది వచ్చారు? అందులో బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు ఉన్నవాళ్ళెంతమంది? వాళ్ళంతా ఇప్పుడెలా ఉన్నారు? మన ఊళ్ళో కాలేజీలు ర్యాంకులొచ్చిన పది మంది పిల్లల ఫోటోలు ఫ్లెక్సీల మీద వేస్తాయి, చేరిన వేలమంది సంగతి ఎవరూ రాయరు. ఆ ప్రకటనల మీద మీ ఆఫీసుల్లో మీరే జోకులు వేసుకుంటారు. మరి క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి ఆ ఫ్లెక్సీనే వార్తగా ఎలా వేస్తున్నారు? చనిపోయినవాళ్ళు ఇంటర్వ్యూ ఇవ్వరు కాబట్టి వాళ్ళను మీరే వెతుక్కుంటూ వెళ్ళాలి.

ల్యాబులో క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయని ఇంకో రిపోర్టు చూపిస్తారు. గాజు పళ్ళెంలో కణాల్ని సబ్బునీళ్ళు పోసినా చంపొచ్చు. మనిషిని ఉంచి కణాన్ని చంపడమే కావాలి.

నా పాత విద్యార్థి ఒకడు అలాంటి వీడియో ఫోన్లో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వాళ్ళమ్మకు రొమ్ములో గడ్డ, ఆపరేషన్ చేసి కీమో ఇవ్వాలన్నారు. "సార్, డాక్టర్లేమో వందలో ఇంతమందికి అంటారు, ఈయన మాత్రం గ్యారంటీ అంటాండాడు" అన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. వాడికి అర్థమైంది కూడా. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు, బంధువులు, ఆపరేషన్ అంటే వణికే ఆ తల్లి, అందరూ కలిసి ఆ మిషన్ దగ్గరికే తీసుకెళ్ళారు. ప్రొద్దుటూరులో గాజులు కుదువబెట్టి డబ్బు కట్టారు. నెలలు గడిచాక వెన్నునొప్పి అంటూ మళ్ళీ పెద్దాసుపత్రికి వెళ్తే అప్పటికే ఎముకలోకి పాకింది. ఆ క్యాంపు నడిపినవాళ్ళ ఫోను ఇప్పుడు పనిచేయడం లేదు. ఆ వీడియో మాత్రం అలాగే ఉంది, కింద కామెంట్లలో జనం నంబరు అడుగుతూనే ఉన్నారు.

ఇలాంటి ఆలస్యానికి లెక్క ఉంది. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంకా శరీరమంతా పాకని క్యాన్సర్ ఉండి, మామూలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే తీసుకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్ల పైనే. నయం చేయగలిగిన దశలో ఉన్నప్పుడు పక్కకు వెళ్ళడం వల్లే అంత తేడా.

జనం ఆ హాలుకు ఎందుకు పోతారో కూడా రాయండి. వాళ్ళు అమాయకులని రాసి చేతులు దులుపుకోవద్దు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద అర్హులకు చికిత్స ఉచితమే, కర్నూల్లో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తిరుపతి, వేలూరు, బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రులు ఉన్నాయి. కానీ రాయచోటి వైపు పల్లె నుంచి రేడియేషన్‌కు వారాల తరబడి తిరగాలంటే తోడు మనిషి కూలి పోతుంది, ఊరుగాని ఊళ్ళో గది అద్దె, తిండి ఎవరిస్తారు? ఓపీలో డాక్టరు దగ్గర దొరికేది రెండు నిమిషాలు. జుట్టు ఎందుకు ఊడుతుంది, మళ్ళీ వస్తుందా, అన్నం ఎప్పుడు సహిస్తుంది అని అడిగితే విసుక్కునేవాళ్ళే ఎక్కువ. మిషనాయన టీ ఇచ్చి గంటసేపు మాట్లాడతాడు. డాక్టర్లు కూడా ఈ లేఖ చదువుతారని ఆశ. చికిత్స గురించి రోగి భాషలో చెప్పే మనిషి ఒక్కరైనా ప్రతి క్యాన్సర్ వార్డులో ఉంటే మీరు వేసే వీడియోలకు సగం బలం పోతుంది. ఇది మీకు పెద్ద కథనం అవుతుంది, నిజంగా.

చట్టం గురించి క్లుప్తంగా. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నుంచి ఉంది. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించకూడదని అందులో జాబితా వేసి మరీ చెప్పారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ప్రకటన ఇచ్చినవాడే కాదు, దాన్ని ప్రచురించడంలో పాలుపంచుకున్నవాడూ ఆ చట్టం కిందికి వస్తాడు. డబ్బు తీసుకుని వేసిన 'స్పెషల్ స్టోరీ'ని కోర్టు ఏమంటుందో మీ లాయర్నే అడగండి. వైద్య పరికరాలకు 2017లో నిబంధనలు వచ్చాయి, 2020 ఏప్రిల్ నుంచి అన్ని వైద్య పరికరాలూ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. కాబట్టి 'ఇది మందు కాదు, మిషనే కదా' అన్న మాట చెల్లదు.

మన జిల్లాలో ఏ ఇంజినీరింగ్ కుర్రాడో, వెల్డింగ్ షాపాయనో నిజంగానే ఏదైనా కనిపెట్టి ఉండొచ్చు. అలాంటివాణ్ణి ఎగతాళి చేయకండి. దారి చూపించండి. కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ రూ.50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. రోగి రక్షణ కణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ చికిత్స ఐఐటీ బాంబేలో మొదలైంది, దానికి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది, అదీ ఒకప్పుడు ప్రొఫెసర్ల ల్యాబులో ఆలోచనే. మనుషుల మీద పరీక్ష అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగండి, ఫోన్లో రెండు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. పరీక్షలో ఉన్నదానికి రోగి దగ్గర డబ్బు వసూలు చేయరు. 'ట్రయల్ నడుస్తోంది' అంటూనే రసీదు రాస్తున్నాడంటే మీ వార్త అక్కడే ఉంది.

2021లో కరోనాకని కృష్ణపట్నం మందు కోసం జనం ఎలా ఎగబడ్డారో మీరే లైవ్‌లో చూపించారు. చివరికి కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం అనుమతిచ్చిన దాకా ప్రతి గంటా వార్తే. ఆ తర్వాత ఆ మందు తీసుకున్నవాళ్ళు ఏమయ్యారో లెక్క తీసిన కథనాలు ఎన్ని వచ్చాయో గుర్తు చేసుకోండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మిషన్ గురించి మొదటి వార్త వేసిన రోజే క్యాలెండర్లో ఆరు నెలల తర్వాతి తేదీ రాసుకోండి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఊరు, పేరు మీ దగ్గర ఉంటాయి. వెళ్ళండి. ఆమె బాగుంటే రిపోర్టులు చూసి ఆ సంగతీ వేయండి, నేనే పదిమందికి పంపుతాను. బాగలేకపోతే, లేదా ఆమె బతికి లేకపోతే, అదీ వేసి, పాత వీడియో పైన ఆ లింకు పెట్టండి. పెట్టడానికి మనసు రాకపోతే పాతదైనా తీసేయండి.

ఈసారి ఎవరైనా ప్రెస్ మీట్ పెట్టి 'క్వాంటం' అంటే నాకు కబురు చేయండి. వెనక బెంచీలో కూర్చుంటాను. ఫ్రీక్వెన్సీ ఎంత, పవర్ ఎన్ని వాట్లు, చర్మం దాటి ఎంత లోతుకు పోతుంది, ఏ మీటరుతో కొలిచారు అన్న ప్రశ్నలు నేను అడుగుతాను. డబ్బులేమీ అక్కర్లేదు, బండి మీద దింపితే చాలు. బయాప్సీ రిపోర్టుల ప్రశ్న మాత్రం మీరే అడగాలి.

ఇట్లు,
కడప నుంచి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్